మహారాజశ్రీ టైమింగ్ చిప్పు వారికి

చీలమండకు కట్టించుకుని పోటీలో మా సమయం లెక్కగట్టే మహారాజశ్రీ టైమింగ్ చిప్పు వారి సముఖానికి, పరుగు విభాగం నుంచి రాసుకుంటున్న మనవి.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, పోటీ తర్వాత కుశలంగా ఉన్నది తమరొక్కరే.

మేం ముగ్గురం రిలే ట్రయాథ్లాన్ పూర్తి చేశామని కనిపించిన వారికల్లా చెప్పుకుంటున్నాం. నిదానంగా ఆలోచిస్తే అది అబద్ధం. అక్క 1.5 కిలోమీటర్లు ఈదింది. బావ 40 కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. నేను 10 కిలోమీటర్లు పరుగెత్తాను. ఈ మూడూ చేసినవారు మా జట్టులో ఒక్కరే. నీళ్లలో దిగింది తమరు, సైకిలెక్కింది తమరు, ముగింపు గీత దాటిందీ తమరే. మేం వంతులవారీగా భుజం మార్చుకున్న పల్లకి బోయీలం. పేరు మాత్రం మాది వేశారు, అందుకు కృతజ్ఞులం.

ఇంత వైభవం అనుభవించే తమరికి సొంతంగా శక్తి లేదని తెలిసి ఆశ్చర్యపోయాను. లోపల బ్యాటరీ ఉండదు. నేల మీద పరిచిన చాపలోని యాంటెన్నా పంపే రేడియో తరంగాల నుంచే రవ్వంత శక్తి పుచ్చుకుని, తమ నంబరు చెప్పి, మళ్లీ నిద్రకు ఉపక్రమిస్తారు. (తమ బంధువుల్లో బ్యాటరీ పెట్టుకుని తిరిగే కలిగినవారూ ఉన్నారట. మా తాహతుకు తమరు దక్కారు.) చాపకూ చాపకూ మధ్య ప్రపంచం మునిగిపోయినా తమరికి పట్టదు.

నిజంగానే మునిగిపోబోయింది. కొలనులో ఈదడం వేరు, ఆరుబయట నీళ్లలో ఈదడం వేరు. అడుగున దారి చూపే నల్లగీత ఉండదు, పట్టుకోవడానికి గోడ ఉండదు. దారి గుర్తుగా నీళ్ల మీద తేలే బోయా ఎక్కడుందో చూసుకోవడానికి కొన్ని బారలకొకసారి తల పైకెత్తాలి. అలా తలెత్తినప్పుడే ఎవరిదో మడమ అక్క కళ్లద్దాలకు తగిలింది. అద్దాల నిండా నీళ్లు. చుట్టూ తెల్లటి నురుగు, కాళ్లు, చేతులు. ఆవిడ వెల్లకిలా తిరిగి, ఊపిరి కుదుటపరచుకుని, అద్దాలు సర్దుకుని మళ్లీ ఈదింది. మా జట్టు ఆ రోజు చేసిన ఘనకార్యం ఏదైనా ఉంటే అదొక్కటే. ఆ సమయంలో తమరు ఆవిడ చీలమండనే అంటిపెట్టుకుని ఉన్నారు. ఫలితాల పట్టీలో ఆ సంగతికి గడి లేదు. ఈత నెమ్మదిగా సాగిందని మాత్రం ఉంది.

తమరు రాకముందూ ఈ ఆట ఉంది. 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఒవాహు దీవి మీద మొదటి ఐరన్‌మ్యాన్ పోటీ జరిగింది. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగువాళ్లా, సైకిలువాళ్లా అన్న వాదన తెగక, మూడు పనులూ ఒకే మనిషి చేత చేయిస్తే సరి అని పెట్టిన పోటీ అది. 15 మంది బయలుదేరారు, 12 మంది పూర్తి చేశారు. ఒక్కరి కాలికీ చిప్పు లేదు. అయినా మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టిందని ఇవాళ్టికీ చెప్పుకుంటున్నారు. అంత కష్టపడి వాళ్లు తేల్చిన వాదనను ఈ మూడు ముక్కల రిలే పదిలంగా వెనక్కి తెచ్చి మా ఇంట్లో పెట్టింది.

ఇక టీ-1 సంగతికి, అంటే ఈత నుంచి సైకిలుకు మారే ఘట్టానికి వస్తాను. ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు.

ఒలింపిక్స్‌లో మిశ్రమ రిలే అని ఒకటుంది. 2021లో టోక్యోలో మొదలైంది. అక్కడ నలుగురిలో ప్రతి ఒక్కరూ ఈత, సైకిలు, పరుగు మూడూ ముగించి, తర్వాతి మనిషిని చేత్తో తట్టి పంపుతారు. ఒక్క తట్టుతో పని అయిపోతుంది. మా వంటి ఔత్సాహికులకు ఆ భాగ్యం లేదు, తమరికి పాదసేవ జరగాలి. అక్క నీళ్లలోంచి లేచి, చెప్పుల్లేని కాళ్లతో పొడవాటి దారి పరుగెత్తి, వరుసల కొద్దీ ఒకేలా కనిపించే సైకిళ్ల మధ్య మాది వెతుక్కుంటూ వచ్చింది. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిలు ముట్టాలని నియమం. బావ ఆ నియమాన్ని పోటీ మొదలవక ముందు నుంచే పాటిస్తూ, గడ్డం కింద చెమట కారుతుండగా కొయ్యబారి నిలబడి ఉన్నాడు.

“ఏమండీ, కాలు ఇటు పెట్టండి.”

“ముందు నీ కాలిది విప్పు.”

“ఏ కాలికి కట్టాలి?”

“ఎడమ కాలికి. కుడివైపు చైను ఉంటుంది కదా!”

చలికి బిగుసుకున్న వేళ్లకు తమ వెల్క్రో పట్టీ కొస దొరకలేదు. దొరికాక చర్రున ఊడి తమరు ఇసుకలో పడ్డారు. ఇసుక దులిపి కట్టాలా, అలాగే కట్టేయాలా అన్న విషయం మీద భార్యాభర్తలు అక్కడే చర్చకు దిగారు. పక్క ర్యాకులో సైకిళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. మూడు క్రీడలూ ఒంటరిగా చేస్తున్న పెద్దాయనొకరు వచ్చి, తడి ఒంటితోనే బూట్లు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, వీళ్లను జాలిగా చూసి వెళ్లిపోయాడు.

బావ తిరిగొచ్చేవరకూ నా పని ఒళ్లు వేడెక్కించుకోవడం, అది చల్లారాక మళ్లీ వేడెక్కించుకోవడం. ఆయన వచ్చి, గీతకు ముందే దిగి, సైకిలు ర్యాకుకు తగిలించి, అప్పుడు గానీ తమరిని నాకు అప్పగించకూడదు. సైకిలు బూట్లతో టకటకమంటూ వచ్చి, “గాలంతా ఎదురేనోయ్” అన్నాడు. 40 కిలోమీటర్లు పోయి వచ్చిన దారిలో రెండువైపులా ఎదురుగాలే వీచిందని ఆయన ఇప్పటికీ అంటున్నాడు.

పరుగులో మాత్రం నాకు రాజయోగం పట్టింది. ఈది, సైకిలు తొక్కి, కాళ్లు బరువెక్కిన వాళ్ల మధ్యలోకి ఉదయం నుంచి కూర్చున్నవాణ్ని దూకాను. వరుసగా దాటుకుంటూ పోతుంటే దారి పక్కన జనం చప్పట్లు! “ఎంత ఓపికో చూడండి” అని ఒకావిడ పిల్లలకు చూపించింది కూడా. ఆగి వివరణ ఇచ్చేంత తీరిక నాకు లేకపోయింది.

గీత దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఒక కుర్రాడు వంగి తమరిని విప్పుకుని బకెట్లో వేసుకున్నాడు. నాకు మంచినీళ్లు అందింది ఆ తర్వాతే. తమరు పోతే పరిహారం కట్టాలని ముందే సంతకం చేయించుకున్నారు. మేం పోతే నిర్వాహకుల బాధ్యత లేదని కూడా అదే కాగితంలో ఉంది.

ఇప్పుడు ఇంట్లో తగవు ఏమిటంటే, మా జట్టు వెనకబడింది టీ-1లోనే అని తమ పట్టీ చెబుతోంది. నీళ్లు దాటాక వచ్చింది కాబట్టి అది ఈత కాదని అక్క. సైకిలెక్కక ముందుది కాబట్టి తనది కాదని బావ. నేను అప్పుడు కంచె పక్కన కూర్చుని ఉన్నానని గుర్తు చేస్తే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, “నీళ్ల నుంచి సైకిలు దాకా చేసింది పరుగే కదా, పరుగు విభాగం నీదే” అని ఏకగ్రీవంగా తీర్మానించారు.

కనుక ప్రార్థించేదేమిటంటే, వచ్చే పోటీకి సైకిలు ర్యాకు దగ్గర, సరిగ్గా మా బావ నిలబడేచోట, ఇంకొక చాప వేయించండి. అక్క పరుగెంతో, ఇసుక చర్చ ఎంతో విడివిడిగా తేలాలి. చాప ఖర్చు మా వంతు ఎంతైతే అంత పెట్టుకుంటాను.

ఇట్లు,
పరుగు విభాగం