బడి రెండేళ్లూ మూతపడలేదు, పిల్లలు కోలుకోనూ లేదు

నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారం ఇది: కరోనా రెండేళ్లూ సర్కారు బడులకు తాళమే, అయ్యవార్లు ఇంట్లో కూర్చుని జీతాలు తీసుకున్నారు, ఫోన్ ఉన్న పిల్లలు చదువుకున్నారు, లేనివాళ్లు పోయారు, అందుకే జనం ప్రైవేటు బడులకు ఎగబడ్డారు, ఏదైతేనేం, పదో తరగతి ఫలితాల్లో మన జిల్లానే ఫస్టు కాబట్టి అంతా సర్దుకుంది, మళ్లీ అలాంటి రోగం వస్తే ప్రతి బిడ్డకీ ఒక ట్యాబ్ ఇస్తే సరి.

మొదట తాళం సంగతి. 2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కేసు నెల్లూరులోనే బయటపడింది. ఆ నెల మూడో వారానికి బడులన్నీ మూతపడ్డాయి. 9, 10 తరగతులు నవంబరు 2న మొదలయ్యాయి. ఒకటి నుంచి ఐదు తరగతుల వంతు 2021 ఫిబ్రవరి 1న గానీ రాలేదు. రెండో దశ రావడంతో ఏప్రిల్ 20 నుంచి తొమ్మిదో తరగతి దాకా మళ్లీ సెలవులిచ్చి, ఆగస్టు 16న తెరిచారు. 2022 సంక్రాంతి తర్వాత ఒమిక్రాన్ ఉన్నా బడులు నడిచాయి. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. 2020-21లో తొమ్మిదో తరగతి పిల్లకు రోజు మార్చి రోజు లెక్కనైనా అయిదున్నర నెలలు బడి దొరికింది. అదే ఏడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు దొరికింది పదకొండు వారాలు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ ఆ పదకొండు వారాల్లో ఎక్కాలి. ‘రెండేళ్లు మూత’ అని అందరినీ ఒకే గాటన కట్టేస్తే, ఎక్కువ నష్టపోయిన ఈ చిన్నపిల్లలే కనబడకుండా పోతారు.

జీతాల మాట అన్యాయం. పిల్లల్ని హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు జాబితాలు చేసింది టీచర్లే: ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, టీవీనో రేడియోనో ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. సప్తగిరి ఛానెల్లో ‘విద్యా వారధి’ పాఠాలు వచ్చాయి. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు చేర్చారు. సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం తొలి విడతలో 15,715 బడుల్లో పనులు జరిగింది చాలావరకు ఈ కాలంలోనే, ఆ బిల్లుల బరువు మోసింది ప్రధానోపాధ్యాయులే. లోపం వేరేచోట ఉంది. టీవీ పాఠం బిడ్డకు అర్థమైందో లేదో తిరిగి చెప్పే దారి లేదు. నోటెక్ జాబితాలో పేరు రాసిన తర్వాత ఆ బిడ్డ దగ్గరికి వారంవారం ఏం చేరాలో గట్టి ఏర్పాటు లేదు. విమర్శించాలంటే దాన్ని విమర్శించండి.

ఫోన్ ఉంటే చదువు వచ్చేసిందా? గ్రామీణ పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2021 లెక్క ప్రకారం దేశంలో బడిలో నమోదైన గ్రామీణ పిల్లల్లో 67.6 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆ ఇళ్లలోనూ 26.1 శాతం పిల్లలకు అది అసలు చేతికే అందలేదు. ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పనికి పోతుంది. నల్లమలలో పాలుట్ల లాంటి చెంచు గూడేల్లో సిగ్నల్ అందకపోతే ఫోన్ కొన్నా లాభమెంత?

ప్రైవేటుకు ఎగబడ్డారన్నది తలకిందుల మాట. దేశంలో గ్రామీణ ప్రాంతాల సర్కారు బడుల వాటా 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం.

ఇక ‘సర్దుకుంది’ అన్న మాట. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. 2022 పదో తరగతి ఫలితాల్లో ప్రకాశం జిల్లా 78.30 శాతంతో మొదటి స్థానంలో నిలిచిన మాట నిజం. అది చీరాల, అద్దంకి, కందుకూరు కలిసున్న పాత జిల్లా లెక్క. రాష్ట్ర సగటు 67.26. 2019లో రాష్ట్ర సగటు 94.88 ఉండగా, అట్టడుగున ఉన్న నెల్లూరుకే 83.19 వచ్చింది. అంటే 2022లో మొదటి స్థానం, 2019 నాటి చివరి స్థానం కంటే కిందే ఉంది. పేపర్లు పదకొండు నుంచి ఏడుకు తగ్గాయి, ఇంటర్నల్ మార్కులూ పోయాయి కాబట్టి ఈ రెండేళ్లనూ నేరుగా పోల్చడం సరికాదు. కోలుకున్నామనడానికి మాత్రం ఇది ఏ విధంగానూ సాక్ష్యం కాదు. పైగా బడి ముందుగా తెరిచింది పెద్ద తరగతులకే. చిన్నవాళ్ల లెక్క అసర్‌లోనే చూడండి: రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు మన రాష్ట్ర గ్రామాల్లో 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. పదకొండు వారాల బడి దొరికిన ఆ పిల్లలే వీళ్లు.

2022 డిసెంబరులో ట్యాబులు ఇచ్చింది ఎనిమిదో తరగతికి. గండి పడింది ఒకటి, రెండు తరగతుల్లో. దాన్ని పూడ్చడానికి కావలసింది కాగితం, పలక, టీచరు సమయం. ప్రతి బిడ్డనూ విడిగా, తోటివాళ్లకు వినబడనంత దూరంలో కూర్చోబెట్టి చదివించాలి: అక్షరం, పదం, నాలుగు వాక్యాల పేరా, కథ. ఎక్కడ ఆగితే అదే ఆ బిడ్డ మెట్టు. ఒక్కొక్కరికి అయిదారు నిమిషాలు పడుతుంది, ఇరవై మందికి రెండు రోజులు చాలు. పాఠ్యపుస్తకంలోని పేరా ఇవ్వకూడదు, కంఠతా వచ్చినదాన్ని చదువనుకుని మోసపోతాం. తర్వాత 3, 4, 5 తరగతుల పిల్లల్ని తరగతి చూడకుండా మెట్టును బట్టి కలిపి, రోజూ గంటన్నర కేటాయించాలి. ఏకోపాధ్యాయ బడిలో టీచరు అక్షరాల గుంపు దగ్గరే కూర్చోవాలి. పేరా చదివేవాళ్లు జతలుగా చదువుకోగలరు, అక్షరాల గుంపు అలా వదిలేస్తే నడవదు.

తెలుగులో పిల్లలు ఎక్కువగా ఆగేది హల్లుల దగ్గర కాదు. ‘కి-కీ’, ‘కె-కే’ తేడా దగ్గర, ‘అక్క’, ‘పళ్లు’ లాంటి ఒత్తుల దగ్గర. గుణింతం పదిసార్లు ఎక్కించి రాయిస్తే చెయ్యి నొప్పి తప్ప ఫలితం లేదు. ఒక్క గుర్తు తీసుకుని కిటికీ, చిలక, గిన్నె అని దానితో పదాలు కట్టించాలి. నెలన్నరకోసారి మళ్లీ పరీక్షించి గుంపులు మార్చకపోతే, మొదట్లో వెనకపడ్డ బిడ్డ ఏడాదంతా అక్కడే ఉండిపోతుంది. పశ్చిమ ప్రకాశం నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు పోయే కుటుంబాల పిల్లల వెంట వాళ్ల మెట్టు రాసిన చీటీ పంపాలి. లేకపోతే అక్కడి టీచరు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

మహమ్మారే రానక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినా, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినా బడికి సెలవులే. తాళం పడేలోగా బడిలో ఒక రిజిస్టరు సిద్ధంగా ఉండాలి: బిడ్డ మెట్టు, ఉండే చోటు, సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండే ఫోన్ నంబరు. వారానికి ఆరు వర్క్‌షీట్లు, ఆ మెట్టుకు తగ్గవి, బియ్యంతో పాటే ఇంటికి పోవాలి. పాతవి అదే చేత్తో వెనక్కి తీసుకోవాలి. వారానికోసారి టీచరు ఆ నంబరుకు చేసి, షీటులోని నాలుగు వాక్యాలు పైకి చదివించి వినాలి. మూడు నిమిషాల పని, బటన్ల ఫోన్ చాలు.