ఇరవై వేల కార్బన్ షూ, మైపాడు రోడ్డు, ఒకటిన్నర శాతం లెక్క

పొద్దున ఐదింటికి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంకి పోతే సగం మంది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లకాయలే ఉంటారు. మొన్న ఒకడు నా కాళ్ళ వైపే చూస్తా వచ్చి "అన్నా ఇది కార్బన్ ప్లేట్ షూనే గదా, ఇది ఏసుకుంటే పదహారొందల మీటర్లు ఈజీగా కొట్టేయొచ్చంట గదా" అన్నాడు. సోల్ ఫోమ్ లోపల గట్టి కార్బన్ పలక పెట్టిన రేస్ షూ అది. ఎంతన్నా అని రేటు కూడా అడిగాడు, ఇరవై వేలకి అటూ ఇటూ అని చెప్పేసరికి మళ్ళీ మాట్లాడలేదు. వాడికి అప్పుడు సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను, ఎందుకంటే నేను కూడా సేల్‌లో పడి కొన్నవాణ్ణే గానీ లెక్కేసి కొన్నవాణ్ణి కాదు. ఆ తర్వాతే కూర్చుని లెక్కేశాను.

ఈ గోలంతా మొదలైంది ఈ రకం షూతో నాలుగు శాతం ఆదా అనే మాటతో. 2017లో నైకీ వేపర్‌ఫ్లై అనే కార్బన్ ప్లేట్ షూ వచ్చినప్పుడు దాని పేరులోనే నాలుగు శాతం పెట్టారు, ఆ అంకె కొలరాడో యూనివర్సిటీ ల్యాబ్‌లో 18 మంది రన్నర్లని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి తీసింది, డబ్బులు నైకీవే అయినా పని మాత్రం పద్ధతిగానే చేశారు, బరువు తేడా రాకూడదని తేలిక షూలకి సీసం గుళికలు కూడా కట్టారు. కానీ ఆ 18 మంది ఎవరు? పది కిలోమీటర్లు 31 నిమిషాల్లోపు కొట్టేవాళ్ళు. టెస్టులో అన్నిటికన్నా నిదానం స్పీడే గంటకి 14 కిలోమీటర్లు, అంటే పది కిలోమీటర్లు 43 నిమిషాల్లో. నాలాంటోడు ఆ స్పీడుతో రెండు కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కన చతికిలబడాల్సిందే. పైగా ఆ నాలుగు శాతం అనేది ఖర్చయ్యే శక్తిలో ఆదా, టైంలో కాదు, ఈ రెండూ ఒకటే అనుకుని అరగంట నుంచి నాలుగు శాతం తీసేసుకునే వాళ్ళని చాలా మందిని చూశాను.

మరి నిదానంగా పోయేవాళ్ళ సంగతేంది? 2023లో అదే రకం షూతో ఇంకో స్టడీ వచ్చింది, గంటకి 12 కిలోమీటర్ల స్పీడులో సగటున 1.4 శాతం, 10 కిలోమీటర్ల స్పీడులో 0.9 శాతం ఆదా వచ్చింది. అది కూడా అందరికీ ఒకేలా రాలేదు, మనిషికీ మనిషికీ తేడా ఎంతుందంటే 10 స్పీడులో కొంతమందికి రివర్స్ కొట్టింది. ఇప్పుడు స్టేడియం పిల్లోడి లెక్క చూడండి, ఈవెంట్స్‌లో 1600 మీటర్లకి 8 నిమిషాలు, అంటే సరిగ్గా గంటకి 12 కిలోమీటర్లు. ఆ 1.4 శాతం శక్తి ఆదా మొత్తం టైంలోకి వచ్చిందనే అనుకున్నా, 8 నిమిషాల్లో ఆరేడు సెకన్లు. అంచు మీద ఉన్నోడికి ఆరు సెకన్లంటే ఉద్యోగం, కాదనను. కానీ 8:40లో వచ్చేవాడికి ఇది దేనికీ పనికిరాదు, అదే ఇరవై వేలతో రెండు మూడు నెలలు కడుపునిండా గుడ్లూ పాలూ తిని వారానికి రెండు రోజులు స్పీడ్ వర్క్ చేసుకుంటే అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది.

ఇంకో అపోహ, ప్లేట్ స్ప్రింగులాగా ఎగరేస్తదని. ఎగరేసేది ప్లేట్ కాదు, ఫోమ్. ఆ పాత ల్యాబ్ లెక్కలోనే వేపర్‌ఫ్లై సోల్ నొక్కిన శక్తిలో 87 శాతం వెనక్కిచ్చింది, పోటీ పెట్టిన నైకీ స్ట్రీక్ షూ 66 శాతం దగ్గర ఆగిపోయింది. తర్వాత ఒక టీం ప్లేట్‌ని అడ్డంగా కోసేసి మరీ చూశారు, పెద్ద తేడా ఏం రాలేదు. నులక మంచంలో ఊగేది నులకే గానీ పట్టె కాదు గదా, కానీ పట్టె లేకపోతే నులకని బిగించేదానికి కుదరదు, ప్లేట్ చేసే పని కూడా నాకు అట్టాగే అనిపిస్తది, అంత మెత్తటి, అంత ఎత్తు ఫోమ్‌ని అదుపులో ఉంచుతది. కాబట్టి కార్బన్ అని స్టిక్కర్ ఉంటే చాలనుకుని మామూలు ఫోమ్‌లో ప్లేట్ దూర్చిన చవక షూ కొంటే బిగుసుకుపోయిన పలక మీద పరిగెత్తినట్టుంటది.

సరే, నా టెస్టు. ఒక రేస్‌లో ఏసుకుని పర్సనల్ బెస్ట్ వచ్చిందని షూకి మార్కులేసేస్తారు జనం, ఆ రోజు చల్లగా ఉందా, ముందు వారం రెస్ట్ తీసుకున్నారా అని చూడరు. నేను మూడు ఆదివారాలు తెల్లారకముందే మైపాడు రోడ్డులో ఒకే మూడు కిలోమీటర్ల ముక్క పట్టుకుని, పల్స్ 150 దాటకుండా, పాత షూ, కార్బన్, కార్బన్, మళ్ళీ పాత షూ, ఈ వరసలో పరిగెత్తాను. మొదటి ఆదివారం కిలోమీటరుకి 6:02, 5:55, 6:01, 6:10 వచ్చింది. చూడండి, మొదటి పాతదాన్నీ మూడో కార్బన్‌నీ పక్కపక్కన పెడితే ఒక్క సెకను తేడా, షూ దండగ అని రాసేసేవాణ్ణి. మధ్యలో ఏమైందంటే రొయ్యల గుంటల మీదుగా ఎండ లేచింది, మన నెల్లూరు ఉక్క గురించి చెప్పేదేముంది, అదే పల్స్‌లో స్పీడు దానంతటదే పడిపోతది. రెండు షూలకీ విడివిడిగా సగటు తీస్తే కార్బన్‌తో కిలోమీటరుకి 8 సెకన్లు మిగిలింది, రెండోవారం 3, మూడోవారం 5. కొత్త షూ అన్న హుషారు కూడా అందులో కొంత ఉండొచ్చు. మొత్తానికి నాకు ఒకటిన్నర శాతం, హాఫ్ మారథాన్‌లో రెండు నిమిషాలకి కాస్త తక్కువ. మొదటి ఆదివారం షూ ఇచ్చిన 8 సెకన్లకి సరిగ్గా అంతే, 6:02 నుంచి 6:10కి, ఆ ఉక్క నా దగ్గర లాక్కుంది.

షూ మంచిదే, అబద్ధం చెప్పను. లాంగ్ రన్ మర్నాడు తొడలు పట్టేయడం తగ్గింది, నాకు టైం కంటే అదే గొప్ప. కానీ పిక్కలు మాత్రం మొదటి రెండు వారాలు బిగుసుకుపోయాయి. ఇట్టాంటి కార్బన్ షూలు వాడి, పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముక ఒత్తిడికి దెబ్బతిన్న ఐదుగురు అథ్లెట్ల కేసులు 2023లో డాక్టర్లు ప్రచురించారు, ఐదుగురితో ఏదీ తేలదు గానీ రోజూ ఏసుకునే షూ మాత్రం ఇది కాదు. మన రేసుల్లో కోన్ పెట్టి యూటర్న్ తిప్పుతారు చూడండి, ఆడ ఈ ఎత్తు మడమ పక్కకి ఒరుగుతది, సముద్రం దగ్గర తారు మీద ఇసక ఉంటే ఇంకా భయం. సోల్ ఎత్తు 40 మిల్లీమీటర్లు దాటకూడదనీ, ప్లేట్ ఒకటే ఉండాలనీ 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రూల్ పెట్టింది, మన ఊరి టెన్ కే దగ్గర స్కేలు పట్టుకుని నిలబడేవాడు ఎవడూ లేడనుకోండి.

రేటు సంగతి. నేనైతే మూడొందల కిలోమీటర్లకి దీన్ని పక్కన పెట్టేస్తాను, ఆ లెక్కన కిలోమీటరుకి దాదాపు 67 రూపాయలు, ఆటోవాడు కూడా అంత అడగడు. అందుకే ఇప్పుడది పెట్టెలో ఉంది, జనవరిలో చెన్నై మారథాన్‌కి తీస్తాను. మొన్న ఆ పిల్లోడి సైజు నాదే అని తెలిసి గ్రౌండ్‌లో రెండు రౌండ్లు ఇచ్చి చూశాను. వచ్చి విప్పేస్తా "మెత్తగా బాగుందన్నా, మలుపు కాడే పడతానేమో అనిపించింది" అన్నాడు. వాడి టైం 8:12కి వచ్చింది ఇప్పుడు, పాత షూతోనే.