మన గడప తొక్కనంత కాలం

మొన్న హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే పక్క బెంచీ మీది పిల్లగాడు అంటున్నడు: "ఈ దేశానికి మళ్ల ఎమర్జెన్సీ పెట్టాలె అన్నా. ఐదేండ్లు గట్టిగ పట్టుకుంటే అందరూ లైన్ల పడ్తరు." అక్కడ నోరు మెదపలేదు. ఇంటికొచ్చినంక ఉండబట్టక రాస్తున్నా.

మైకు దొరికితే చాలు, ఓరుగల్లు పోరుగడ్డ అంటాం కదా. మరి ఇందిరాగాంధీ 1975లో పెట్టిన ఎమర్జెన్సీ తర్వాత, 1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో ఏం చేశాం? ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. బీహార్‌లో 54కూ అంతే. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయింది. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 ఆమె చేతిలో పెట్టింది. జనతా పార్టీకి మిగిలింది నంద్యాల ఒక్కటే.

ఎందుకు పెట్టామంటే, మా నాయనమ్మ ఆమెను ఏనాడూ ఇందిరాగాంధీ అనలేదు, ఇందిరమ్మ అనేది. 1969లో బ్యాంకులను జాతీయం చేసింది, 1971లో గరీబీ హఠావో అన్నది, అదే ఏడు పాకిస్తాన్‌ను ఓడించింది. ఒకసారి అమ్మ అన్నాక ఆమె కొట్టినా మన బాగుకే అనిపిస్తుంది. ఇప్పటికీ మన ఇండ్ల పథకానికి ఆ పేరే ఉంది చూడండి.

ఇక్కడ దెబ్బలు పడలేదా అంటే, పడ్డాయి. ఆదిలాబాద్‌కు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను భూస్వాముల హత్య కేసులో 1975 డిసెంబర్ 1న ఉరి తీశారు. వరంగల్‌లో పాఠాలు చెప్పే వరవరరావును జైల్లో పెట్టారు. "వాళ్లు నక్సలైట్లు, వాళ్ల సంగతి వేరు" అనుకుని ఊరంతా తన పనిలో తానుంది. ఉత్తరాదిలో అట్లా అనుకునే వీలు లేకపోయింది. కుటుంబ నియంత్రణకు మనుషుల్ని తెమ్మని బడిపంతుళ్లకు కూడా కోటాలు పెట్టారు. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు అయ్యాయి. పెండ్లికాని పోరలు కూడా జీపు చప్పుడైతే చేన్లకు ఉరికారు. లక్ష మందిని జైల్లో వేసినప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. మనకైతే ఆ జులుం అంతగా తగల్లేదు. మన 41 సీట్ల వెనకున్నది భక్తి ఒక్కటే కాదు, ఇది కూడా.

అసలామె ఎన్నికలు పెట్టిందే ఎందుకన్నదానికి నాకు తోచేది ఒకటే. పత్రికల్లో తిట్లు రానివ్వలేదు, ఎదురు చెప్పేవాళ్లను లోపలేసింది. చుట్టూ మిగిలినవాళ్లు గెలుపు ఖాయమన్నారు. నమ్మింది. తన సెన్సార్‌కు ముందుగా మోసపోయింది తనే.

మూడేండ్లకే తిరిగొచ్చిందనుకోండి. 1980లో మెదక్ నుంచి కూడా నిలబడితే మనమే గెలిపించాం. దానికి ఉత్తరాదివాళ్లనేం అనలేం.

అన్నట్టు ఆ పిల్లగాడు గ్రూప్స్‌కు చదువుతున్నాడట. లేచేటప్పుడు, నోటిఫికేషన్ల కోసం సోమవారం ఏకశిల పార్కు దగ్గర ధర్నా ఉంది, నువ్వూ రా అన్నా అన్నడు. వస్తానన్నా.