మనవాణ్ణి ఏ తీరానికి పంపుదాం?

(అమెరికాలో ఎం.ఎస్. ముగించి, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్న కుర్రాడి చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి తూర్పు తీరాన న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని, రెండోది పడమటి తీరాన కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఓ ప్రోడక్ట్ కంపెనీది. వారంలో జవాబివ్వాలి. న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఉండే అతని పెద్దమ్మా, శాన్ హోసే దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉండే ఆవిడ మరిది రఘూ ఫోన్లో వాదించుకుంటున్నారు.)

మరిది: ఇందులో ఆలోచించడానికేముంది వదినా? శాన్ హోసే పంపేయండి. చలి లేదు, మంచు లేదు, చుట్టూ అన్నీ కంపెనీలే.

వదిన: చలి సంగతి తర్వాత చూద్దాం రఘూ. వాడికి కారు లేదు, ఇక్కడి లైసెన్సూ లేదు. జెర్సీ సిటీలో దిగితే పాత్ రైలు రాత్రీ పగలూ నడుస్తుంది. ఆఫీసుకీ, కూరగాయలకీ నడిచి పోవచ్చు. మీ దగ్గర పాలు తెచ్చుకోవాలన్నా కారు తియ్యాల్సిందే. కొత్త లైసెన్సు వాడికి ఇన్సూరెన్సు ఎంత వేస్తారో నీకు తెలుసు. మొదటి జీతం రాకముందే అద్దె డిపాజిట్టూ కారు డౌన్ పేమెంటూ రెండూ మీద పడితే వాడు అప్పుతోనే మొదలవుతాడు.

మరిది: కారు రెండు నెలల్లో కొనుక్కుంటాడు. ఉద్యోగం మారే స్వేచ్ఛ కొంటే వచ్చేది కాదు కదా! మానేశాక పోటీ కంపెనీలో చేరనని రాయించుకునే నాన్‌కాంపీట్ కాలిఫోర్నియాలో చెల్లదు. ఇవాళ నిన్నటి మాట కాదు, 1872 నాటి చట్టంలోనే ఉంది. శుక్రవారం ఒక కంపెనీలో మానేసి సోమవారం దాని పోటీ కంపెనీలో చేరతారు. ఎవరూ దాన్ని ద్రోహం అనుకోరు. పాత బాసే ఫోన్ చేసి కొత్త చోట ఎలా ఉందని అడుగుతాడు. వెస్ట్ కోస్ట్ వాళ్ళు తేలిగ్గా ఉంటారు, భయం లేకుండా మాట్లాడతారు అంటారే, అది సముద్రపు గాలి వల్ల వచ్చింది కాదు, ఈ చట్టం వల్ల వచ్చింది. మాసచూసెట్స్‌లో బోస్టన్ చుట్టూ తిరిగే రూట్ 128 రోడ్డు మీద డిజిటల్, వాంగ్, డేటా జనరల్ ఎంత పెద్ద కంప్యూటర్ కంపెనీలు! ఒకదాంట్లో చేరితే అందులోనే ఉండిపోవడం అక్కడి పద్ధతి. పీసీలొచ్చి ఆ కంపెనీలు పడిపోయినప్పుడు వాటితోపాటు వాళ్ళ పనితనమూ మరుగున పడింది. మాసచూసెట్స్ 2018లో గానీ నాన్‌కాంపీట్‌కి పగ్గాలు వెయ్యలేదు. మీ జెర్సీలో ఇప్పటికీ షరతులు సబబుగా ఉన్నాయనిపిస్తే కోర్టు అమలు చేస్తుంది.

వదిన: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడి బ్యాంకుల్లో ఆ కాగితం మీద సంతకం పెట్టాక కాళ్ళు కట్టేసినట్టే ఉంటుంది. కానీ ఎదురు కంపెనీకి పోవాలంటే అది మనుషుల్ని తీసుకుంటూ ఉండాలి కదా. 2022 చివర్లో, 2023 మొదట్లో మీ సిలికాన్ వ్యాలీలో కంపెనీలన్నీ ఒక్కసారే మనుషుల్ని తీసేశాయి. ఒకే వ్యాపారం మీద బతికే ఊరికి జబ్బు చేస్తే వీధి వీధంతా మంచాన పడుతుంది. మనవాడు ఓపీటీ మీద ఉన్నాడు. మొత్తం కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. రేపు హెచ్1బీ వీసా వచ్చినా, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి. ఇక్కడైతే బ్యాంకులు, ఇన్సూరెన్సు, మందుల కంపెనీలు, టెలికాం ఉన్నాయి. ఒకటి మూసినా ఇంకోటి తెరిచి ఉంటుంది.

మరిది: 2008 సెప్టెంబరు మర్చిపోయారా? లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది మీ హడ్సన్ నదికి అవతలే. ఆ రోజుల్లో మీ బ్యాంకులు ఒక్కసారే కొత్తవాళ్ళకి తలుపులు మూసేశాయి.

వదిన: మర్చిపోలేదు. ఆ దెబ్బ నిజం.

మరిది: ఇంకోటి. మీ వైపు మనుషుల మాట కటువు. మీటింగ్‌లో మొహం మీదే ‘ఇది కుదరదు’ అంటారు. కొత్తవాడు, మొదటి ఉద్యోగం. బెదిరిపోతాడు.

వదిన: మీ వైపు ఏమంటారు? ‘అద్భుతంగా ఉంది, తప్పకుండా మాట్లాడుకుందాం’ అంటారు. తర్వాత మూడు వారాలు జవాబుండదు. అది కాదనడమే అని వాడికెవరు చెబుతారు? కటువుగా చెప్పినవాడు కనీసం వాడి కాలం మిగిల్చాడు. మనిషి గుణం మాటలో కాదు, మంచు పడినప్పుడు చూడాలి. నువ్వు ఎప్పుడూ మంచు తియ్యలేదు గనక చెబుతాను, విను. తుఫాను వస్తుందనగానే ముందురోజు సాయంత్రమే మెట్ల మీదా నడిచే దారి మీదా ఉప్పు చల్లాలి. లేకపోతే అడుగు పొర నేలకు అతుక్కుపోతుంది. మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల దాకానే సరిగ్గా పనిచేస్తుంది. చలి అంతకంటే ముదిరితే కాల్షియం క్లోరైడ్ కావాలి. మంచు పడుతుండగానే రెండు మూడు సార్లు తోసెయ్యాలి. అడుగెత్తు కూడాక ఒకేసారి చూద్దాంలే అంటే నడుం పట్టేస్తుంది, తడిమంచైతే మరీ బరువు. పారతో ముందుకు తోసుకుంటూ పోవాలి తప్ప ఎత్తి భుజం మీంచి విసరకూడదు. అంతా అయిపోయిందని లోపలికొచ్చి టీ పెట్టుకునేసరికి మునిసిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మీద ఉన్నదంతా మన డ్రైవ్‌వే మూతి దగ్గర గట్టులా పోసి పోతుంది. దాన్ని ఆ రాత్రే తియ్యాలి. తెల్లారే వరకూ ఉంచితే రాయి అవుతుంది, కారు దాటదు. ఇంటి ముందు కాలిబాట చెప్పిన గంటల్లోగా తియ్యకపోతే చాలా ఊళ్ళలో జరిమానా. చలి రాకముందే బయటి కుళాయికి నీళ్ళొచ్చే వాల్వు లోపల కట్టేసి, పైపులో నీళ్ళు వదిలెయ్యాలి. మర్చిపోతే గోడలోనే పైపు పగులుతుంది. ఇదంతా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే పక్కింటాయన, ఏడాదంతా పలకరించని మనిషి, తన స్నో బ్లోయర్ మన కాలిబాట మీద కూడా ఓ దారి తిప్పి, ఏమీ చెప్పకుండా లోపలికి పోతాడు. నవ్వడు. కానీ మంచు పడినప్పుడల్లా తీస్తాడు. ఆ మనుషుల మధ్య మనవాడు ఒంటరి కాడు.

మరిది: జెర్సీ సిటీలో వాడుండేది అపార్ట్‌మెంటులో వదినా. మంచు తీసేది బిల్డింగ్ వాళ్ళు. ఆ పక్కింటాయన వాడికి దొరకడు. వాడికి దొరికేది డిసెంబరులో నాలుగున్నరకే పొద్దుగూకే ఒంటరి గది.

వదిన: శాన్ హోసేలో ఎన్నింటికి గూకుతుంది? ఐదు కాకముందే కదా. ఇరవై నిమిషాల తేడాకి ఇంత దిగులా?

మరిది: తేడా గంటలది కాదు. డిసెంబరులో కూడా మా దగ్గర వాన లేని రోజు మామూలు చొక్కా మీద పలచటి స్వెట్టరేసుకుని పార్కుకి పోవచ్చు. మనుషులు బయట కనిపిస్తారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు గదిలో మగ్గిపోవడం మీరు తక్కువ అంచనా వేస్తున్నారు.

వదిన: అది కాదనను. నాలుగు నెలలు నిజంగానే కష్టం. మరి మీ భూకంపం మాటేమిటి? కార్చిచ్చుల పొగ మాటేమిటి? 2020 సెప్టెంబరు 9న పట్టపగలు ఆకాశం నారింజ రంగుకి తిరిగి దీపాలు పెట్టుకున్నారు.

మరిది: భూకంపానికి మేం సిద్ధంగానే ఉంటాం. వాటర్ హీటర్‌కి పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ గోడకి బిగించాలని చట్టమే ఉంది. అది పడిపోతే గ్యాసు పైపు ఊడి ఇల్లు అంటుకుంటుంది. గ్యాసు మీటరు దగ్గర రెంచి కట్టి ఉంచుతాం.

వదిన: ఇన్సూరెన్సు? ఇంటి పాలసీలో భూకంపం ఉండదు, విడిగా తీసుకోవాలి. 15 శాతం డిడక్టిబుల్ పెట్టుకుంటే, ఆరు లక్షల డాలర్లకి రాసిన ఇంటికి మొదటి 90 వేలూ మన జేబులోంచే. అందుకే మీలో చాలామంది అసలు తీసుకోరు.

మరిది: 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫానుకి మీ బేస్‌మెంట్లలో నీళ్ళు నిండి మనుషులే పోయారు. వరద కూడా మామూలు ఇంటి పాలసీలో ఉండదు.

వదిన: ఉండదు. బేస్‌మెంటులో నీళ్ళు తోడే సంప్ పంపు ఉన్నా కరెంటు పోతే ఆగిపోతుంది, బ్యాటరీ బ్యాకప్ పెట్టించుకోని వాళ్ళు మునిగారు. సరే, ఇది వదిలెయ్. ఇంటి మాటొచ్చింది గనక లెక్క చూద్దాం. ఫ్రీమాంట్‌లో పదిహేను లక్షల డాలర్ల ఇల్లు. 20 శాతం కడితే పన్నెండు లక్షల అప్పు. ఆరున్నర వడ్డీకి ముప్ఫై ఏళ్ళు నెలకు సుమారు 7,585 డాలర్లు. ఇక్కడ ఆరు లక్షల ఇంటికి అదే వడ్డీకి 3,034.

మరిది: మీ ప్రాపర్టీ టాక్సు చెప్పలేదేం? దేశంలోనే ఎక్కువ. రెండు శాతం పైనే.

వదిన: ఆరు లక్షల మీద రెండు శాతమంటే 12 వేలు. పదిహేను లక్షల మీద మీ 1.2 శాతం 18 వేలు. పైగా 1978 నాటి మీ ప్రొపొజిషన్ 13 ఉందే, అందులో లెక్క వేసేది కొన్న ధర మీద. ఏడాదికి రెండు శాతానికి మించి పెంచరు. అంటే ముప్ఫై ఏళ్ళ కింద కొన్నాయన కట్టేది చాలా తక్కువ, పక్కన కొత్తగా వచ్చిన మనవాడు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. ఒకే వీధి, ఒకే బడి. పాతవాళ్ళు ఇళ్ళు అమ్మరు, ధర దిగదు. కొత్తవాడికి నవ్వుతూ స్వాగతం చెప్పే ఊరు వాడి దగ్గర ఎక్కువ వసూలు చేస్తుంది.

మరిది: ఆ చట్టం అన్యాయమే వదినా. అయినా వాడిప్పుడే ఇల్లు కొనడు కదా. ఆర్‌ఎస్‌యూలు చూడండి. జీతానికి తోడు షేర్లు.

వదిన: సాధారణంగా నాలుగేళ్ళలో వస్తాయి. మొదటి ఏడాది నిండకముందు, పదకొండో నెలలో తీసేస్తే చాలా చోట్ల ఒక్కటీ రాదు. వచ్చినా జీతంతో కలిపి పన్ను. వాడి జీతానికి పై డాలర్ల మీద కాలిఫోర్నియా 9.3 శాతం, జెర్సీ 6.37.

మరిది: డబ్బే కాదు కదా. మా దగ్గర మన తిండి, మన గుడి, మన మొక్కలు ఉన్నాయి. కరివేపాకు దక్షిణం గోడ పక్కన నేలలోనే పెరుగుతుంది.

వదిన: నేలలో పెరిగితే గొప్పా? మేం కుండీలో పెంచి, రాత్రి చలి 10 డిగ్రీలకి దిగగానే లోపలికి తెస్తాం. నీళ్ళు తగ్గించాలి, లేకపోతే వేరు కుళ్ళుతుంది. జనవరిలో ఆకంతా రాలినా పారెయ్యకుండా ఉంచితే వేసవి మొదట్లో చిగురిస్తుంది.

మరిది: ఆ నాలుగు రెబ్బలతో పులిహోర అవుతుందా?

వదిన: మీకసలు బయటి రాష్ట్రం నుంచి కరివేపాకు తెచ్చుకోవడానికే ఆంక్షలున్నాయి. నారింజ తోటల తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుందని.

మరిది: తెచ్చుకోవాల్సిన పనే లేదు, చెట్టే ఉంది! ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి పుట్టిందీ మా దగ్గరే, 2007లో.

వదిన: ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మొదటి మహాసభ 1977లో న్యూయార్కులో జరిగింది. పిల్లలకి తెలుగు రావాలన్న తపన మీకంటే ముప్ఫై ఏళ్ళ ముందే ఇక్కడ మొదలైంది. వాడికి పిల్లలే లేరు, మనం బడి దగ్గరికి పోయాం. అమ్మానాన్నలతో మాట్లాడే సంగతి చెప్పు.

మరిది: వేసవిలో మాకు రాత్రి ఎనిమిదిన్నర అంటే గుంటూరులో పొద్దున తొమ్మిది. అమ్మ వంట చేస్తుండగా వాడు భోజనం చేస్తూ మాట్లాడొచ్చు. మీకు ఆ టైముకి అక్కడ ఆరే.

వదిన: ఆ తొమ్మిదింటికే హైదరాబాద్ టీం కూడా పనిలో కూర్చుంటుంది రఘూ. అందుకే మీ ఆఫీసు కాల్స్ అన్నీ రాత్రుళ్ళే. వాడు కంచం ముందు కూర్చుని మాట్లాడేది అమ్మతో కాదు, మేనేజరుతో. మాకు పొద్దున ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు. ఆఫీసు కాల్ అప్పుడే అయిపోతుంది. మా సాయంత్రం మాది.

మరిది: అది నేనూ రోజూ చూస్తున్నదే. అయినా వదినా, మొదటి విషయం దగ్గరే నా మనసు ఆగింది. ఆ బ్యాంకులో రెండేళ్ళ తర్వాత మంచి అవకాశం వస్తే కదలగలడా?

వదిన: నాకూ అదే కొడుతోంది. జెర్సీ సిటీ ఆఫర్ లెటర్‌తో వచ్చిన కాగితాలన్నీ తెప్పించాను. నోటీసు ఎన్నాళ్ళు, మానేశాక ఎన్నాళ్ళు చేరకూడదు, ఆ కాలానికి జీతం ఇస్తారా లేదా, ఇవి చూడాలి. సైన్సు, ఇంజనీరింగు చదివినవాళ్ళకి ఓపీటీ పెంచే స్టెమ్ పొడిగింపుకి, ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి, అది రెండు చోట్లా అడగాలి.

మరిది: శాన్ హోసేది నేనడుగుతాను. మరి జెర్సీ కాగితంలో ఆర్నెల్లు, జీతం లేకుండా అని ఉంటే?

వదిన: అలా ఉంటే శాన్ హోసేకి టికెట్ నేనే కొంటాను, కారు కొనేదాకా నీ ఇంట్లో పెట్టుకో. నెలే అయితే, జీతంతో అయితే, జెర్సీ సిటీయే. ఉండు, మూడో పేజీ తెరుస్తున్నా.