లాక్ పీకేస్తే పది రెట్ల వేగమా?

"కెర్నెల్ మెమరీ అలోకేటర్‌లో లాకులు పాతకాలపు చాదస్తం. ఏ సీపీయూ క్యాష్ దానికి ఉన్నాక ఇంక లాక్ దేనికి? పీకేస్తే పది రెట్ల వేగం. లైనక్స్‌లో ఎప్పుడో పీకేశారు." ఆపరేటింగ్ సిస్టమ్స్ మాట వచ్చిన చోటల్లా ఇది ఏదో ఒక రూపంలో వినిపిస్తోంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అలోకేటర్ అందులో అడిగినవాళ్ళకి మెమరీ పంచే భాగం. లాక్ అంటే ఒకే డేటాని ఒకసారి ఒక్కరే ముట్టుకునేలా చూసే కాపలా. క్యాష్ అంటే ఇక్కడ ఒక్కో సీపీయూకి విడిగా పెట్టిన ఖాళీ మెమరీ ముక్కల నిల్వ. ఇందులో ఒక నిజం ముక్క ఉంది, చిక్కంతా దానితోనే. అక్కర్లేని లాకుని తీసెయ్యాల్సిందే. ఏది అక్కర్లేదో తేల్చే పద్ధతి మాత్రం ఇది కాదు.

ముందు ఆ పది రెట్ల సంగతి చూద్దాం. సరిగ్గా ఈ పనే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేశారు. దాని కెర్నెల్ అలోకేటర్ యూఎంఏ, జెఫ్ రాబర్సన్ రాసింది. అందులో ఖాళీ ఆబ్జెక్టుల (పంచడానికి సిద్ధంగా ఉన్న మెమరీ ముక్కల) బకెట్లు ఏ సీపీయూవి ఆ సీపీయూకే ఉంటాయి. మొదట్లో ఆ క్యాష్‌లకూ మ్యూటెక్సులు (ఒక రకం లాకులు) ఉండేవి. 2005లో రాబర్ట్ వాట్సన్ వాటిని తీసేశారు. ఆయన చూపించిన లాభం మైక్రో బెంచ్‌మార్కుల్లో 1 నుంచి 3 శాతం. పది రెట్లు కాదు. అసలు అప్లికేషన్‌లో అది ఇంకా పలచబడుతుంది.

ఎందుకంత తక్కువ? ఎవరూ పోటీకి రాని లాక్ ఖర్చు స్వల్పం. ఒంటరిగా ఉంటున్న ఇంట్లో గదికి గొళ్ళెం పెట్టి తీసినంత పని. నొప్పి మొదలయ్యేది పదుల సీపీయూలు ఒకే లాక్ కోసం ఎగబడినప్పుడు: ఆ లాక్ ఉన్న మెమరీ ముక్క (హార్డ్‌వేర్ భాషలో క్యాష్ లైన్) ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిరుగుతూనే ఉంటుంది. ఆ నొప్పికి మందు సీపీయూకో క్యాష్ పెట్టడం. సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడిన, బాన్‌విక్, ఆడమ్స్ 2001లో వివరించిన మ్యాగజైన్ల (బకెట్ల లాంటివే) పద్ధతి అదే. అందులో సీపీయూ క్యాష్‌కి లాక్ ఉంచే కట్టారు, అయినా పరుగెత్తింది.

ఇక "సొంత క్యాష్ ఉన్నాక లాక్ దేనికి" అన్న ప్రశ్న. అసలు ప్రమాదం ఇక్కడుంది. రెండో నంబర్ సీపీయూ మీద ఒక థ్రెడ్ (నడుస్తున్న ఒక పని) ఆబ్జెక్టుని తిరిగిచ్చేస్తోంది అనుకోండి. బకెట్‌లో లెక్క 7 అని చదివింది, ఏడో నంబర్ గడిలో (గడుల నంబర్లు సున్నా నుంచి మొదలు) ఆ ఆబ్జెక్టు చిరునామా రాయబోతోంది. ఈలోగా షెడ్యూలర్ (ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో చూసేది) దాన్ని పక్కన పెట్టి అదే సీపీయూ మీదికి ఇంకో థ్రెడ్‌ను తెచ్చింది. అదీ ఏడో గడిలోనే రాసి, లెక్కని 8 చేసి వెళ్ళింది. మొదటిది తిరిగొచ్చి అదే గడిని తుడిచి తనది రాసింది, లెక్క మళ్ళీ 8. ఒక ఆబ్జెక్టు గల్లంతు. ఇదే కథ కేటాయింపులో జరిగితే ఒకే ఆబ్జెక్టు ఇద్దరి చేతికి పోతుంది. ఆ బగ్ ఇక్కడ పుట్టి, ఎక్కడో సంబంధం లేని డ్రైవర్‌లో కెర్నెల్‌ని పడగొడుతుంది. పైగా మధ్యలో ఆగిన థ్రెడ్ మూడో సీపీయూ మీద లేచి, రెండో దాని క్యాష్‌లో చెయ్యి పెట్టొచ్చు కూడా.

అందుకే వాట్సన్ ఆ చోటుని ఖాళీగా వదల్లేదు, క్రిటికల్ సెక్షన్ పెట్టారు: పని అయ్యేదాకా ఆ థ్రెడ్‌ని ఎవరూ పక్కకు నెట్టరు, వేరే సీపీయూకి మార్చరు. మెమరీ అడిగే ఇంటరప్ట్ హ్యాండ్లర్లు (హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే కోడ్) ఫ్రీబీఎస్‌డీలో థ్రెడ్లుగానే నడుస్తాయి కాబట్టి అక్కడ అది సరిపోయింది. హార్డ్ ఇంటరప్ట్ లోపలి నుంచే మెమరీ అడగనిచ్చే లైనక్స్‌లో సరిపోదు. ఇంకో మెలిక: బకెట్ ఖాళీ అయితే అప్పట్లో జోన్ మ్యూటెక్స్ (అన్ని సీపీయూలకూ ఉమ్మడి నిల్వకి ఉన్న లాక్) తీసుకోవాల్సి వచ్చేది, క్రిటికల్ సెక్షన్‌లో ఉండి అది కుదరదు. బయటికొచ్చి, మ్యూటెక్స్ తీసుకుని, మళ్ళీ లోపలికెళ్ళి, ఇప్పుడు ఏ సీపీయూ మీద ఉన్నామో, బకెట్ ఏ స్థితిలో ఉందో మొదటి నుంచీ చూసుకోవాలి. ప్యాచ్‌లో కష్టమంతా ఇక్కడే. లాక్ లైన్లు చెరపడం ఎవరైనా చేస్తారు.

"లైనక్స్‌లో పీకేశారు" అన్నది సగం నిజం. దాని స్లబ్ (SLUB) అలోకేటర్‌లో మామూలు దారికి లాక్ లేని పద్ధతి 2011లో వచ్చింది: ఖాళీ ఆబ్జెక్టుల జాబితా మొదలునీ, ప్రతి మార్పుకీ మారే ఒక సంఖ్యనీ కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో పోల్చి మార్చడం. మధ్యలో ఎవరైనా దూరితే సంఖ్య కలవదు, పని మళ్ళీ మొదలు. అయితే ఆ దారి మూసుకుపోయి నోడ్ జాబితాల (సీపీయూలు పంచుకునే ఉమ్మడి జాబితాల) దాకా వెళ్తే స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) ఉంది. దాని కింద, మెమరీని పేజీల లెక్కన ఇచ్చే పేజీ అలోకేటర్‌లో జోన్ లాక్ ఉంది.

అన్నిటికంటే తమాషా 2022లో జరిగింది. ఆ పేజీ అలోకేటర్‌లోనే సీపీయూల సొంత పేజీ జాబితాలకు లైనక్స్ డెవలపర్ మెల్ గోర్మన్ కొత్తగా స్పిన్‌లాక్ తగిలించారు. అవును, చేర్చారు. అంతకుముందు ఆ జాబితాని ఇంకో సీపీయూ ముట్టుకునే వీల్లేదు. ఖాళీ చేయించాలంటే ఆ సీపీయూనే లేపి పని అప్పజెప్పాలి. రియల్‌టైమ్ పనికోసం విడిగా కేటాయించిన సీపీయూలకు అది పెద్ద బెడద. లాక్ వచ్చాక, ఆ సీపీయూని కదపకుండానే దూరం నుంచి ఖాళీ చెయ్యడం సాధ్యమైంది.

"తీసేస్తే పోయేదేముంది" అనేవాళ్ళకి ఒక చిన్న విషయం: యూఎంఏలో మ్యూటెక్సులు పోయాక క్యాష్ గణాంకాలు లాక్ లేకుండానే చదువుతున్నారు, అంకెలు అప్పుడప్పుడు కాస్త అటూఇటూ అవుతాయి. తెలిసే ఒప్పుకున్న నష్టం అది.

ఫలానా లాక్ దండగ అనిపిస్తే లైనక్స్‌లో లాక్‌స్టాట్ (లాకుల వాడకాన్ని లెక్కపెట్టే సదుపాయం) ఆన్ చేసి కెర్నెల్‌ని బిల్డ్ చేసి, ఎన్నిసార్లు తీసుకున్నారో, అందులో ఎన్నిసార్లు ఎదురుచూశారో పక్కపక్కన చూడండి. ఎదురుచూపులు ఎక్కువుంటే ఆ లాక్‌ని విడగొట్టే దారి వెతకాలి. దాదాపు లేకపోతే తీసెయ్యొచ్చేమో. అప్పుడు కూడా అది ఇన్నాళ్ళూ కాపాడింది ప్రీఎంప్షన్ (థ్రెడ్‌ని మధ్యలో పక్కకు నెట్టడం) నుంచా, ఇంటరప్ట్ నుంచా, పక్క సీపీయూ నుంచా, ఇకమీదట ఆ కాపలా ఎవరిది అన్నది ప్యాచ్ వివరణలో రాయాలి.