క్షణభంగురం: వాడుక, వారంటీ

‘క్షణభంగురం’ అనే మాటను మనవాళ్లు జీవితానికీ యౌవనానికీ అంటగట్టి వదిలేశారు. శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకు అది సరైన వాడుక కాదని తెలుసు.

ముందు కొలత. అమరకోశం లెక్కలో 18 రెప్పపాట్లు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం. 12 క్షణాలు ముహూర్తం, 30 ముహూర్తాలు రోజు. భాగిస్తే క్షణానికి సరిగ్గా 4 నిమిషాలు. (కౌంటర్లో ‘ఒక్క క్షణం’ అన్న గుమస్తాను తొందరపడి తిట్టకండి.) మూన్నాళ్ల ముచ్చటంటే 1,080 క్షణాలు. వానల్లో పూడ్చిన గుంతకు ఆ మాట వాడితే ముఖస్తుతి.

గుంత పూడ్చడానికి ఒక పద్ధతుంది. అంచులు నిలువుగా చెక్కాలి, దుమ్ము ఊడ్చాలి, ఆరనివ్వాలి, అడుగునా అంచులకూ తారు ఎమల్షన్ పూయాలి, తారు కలిపిన కంకరను పొరలుగా వేసి ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. భంగుర పద్ధతిలో ఇంత శ్రమ లేదు. నీళ్లున్న గుంతలోనే కంకర పోసి, పైన నల్లగా కనబడేంత తారు చిలకరించి, రోలింగు బాధ్యత పలాస జీడిపిక్కల లారీలకు అప్పగిస్తారు. తడిరాయికి తారు అంటదు. చక్రం నొక్కినప్పుడల్లా లోపలి నీరు రాళ్లను ఊడదీస్తుంది. సాయంత్రానికి కంకర రోడ్డు పక్కన, గుంత యథాస్థానంలో.

‘తాత్కాలికం’ వేరే మాట, కలపకూడదు. తత్కాలమంటే ఆ కాలం. ఏ కాలమో మాటలో చెప్పలేదు, ఉత్తర్వులోనూ చెప్పరు. గెడ్డ (వాగు) మీద వంతెన కుంగితే పక్కన తూములు పరిచి మట్టి పోస్తారు. వరదకు తూముల్లో తుప్పలు అడ్డుపడి, నీరు పైనుంచి పొర్లి, మట్టిని కోసుకుపోతుంది. మళ్లీ పోస్తారు, మళ్లీ తాత్కాలికమే. అచ్చమైన తాత్కాలికం కావాలంటే విజయనగరం పైడితల్లి జాతరలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే మాను, సిరిమానును చూడాలి. ఏటా కొత్త చింతమాను. దసరా వెళ్లిన మంగళవారం గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగి పని ముగించుకుంటుంది, గడువు పొడిగించమని అర్జీ పెట్టదు.

వ్యాకరణం కూడా చూసేద్దాం. పాణిని 3.2.161వ సూత్రంలో ‘ఘురచ్’ ప్రత్యయాన్ని మూడే ధాతువులకిచ్చాడు. పుట్టిన మాటలు మూడు: భాసురం అంటే వెలిగేది, భంగురం అంటే విరిగేది, మేదురం అంటే బాగా బలిసినది. రిబ్బను కత్తిరించిన రోజు రోడ్డు భాసురం, తొలి వానకు భంగురం. మేదురం బిల్లుకు వర్తిస్తుంది.