ఆఫ్రికా వైద్యాన్ని చేతబడి అని కొట్టిపారేసేవాళ్ళకి

"ఆఫ్రికా ఆదివాసులకి తెలిసింది చేతబడే. అక్కడికి వైద్యం తెల్లవాళ్ళతోనే వచ్చింది. ఒక్క పుస్తకం కూడా లేనిది శాస్త్రమెలా అవుతుంది?" ఈ మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటినుంచో తిరుగుతోంది. చదువుకున్నవాళ్ళు కూడా నిజమేననుకుని ఇంకొకరికి పంపిస్తున్నారు. అందుకే ఒక్కో ముక్కకీ జవాబు చెప్పాలనిపించింది.

తెల్లవాళ్ళు వచ్చేదాకా వైద్యమే లేదా? 1879లో రాబర్ట్ ఫెల్కిన్ అనే బ్రిటిష్ మిషనరీ ఇప్పటి ఉగాండాలోని బున్యోరోలో ఒక సిజేరియన్‌ని కళ్ళారా చూశాడు. నొప్పి తెలియకుండా ఆమెకి అరటిపళ్ళతో చేసిన మద్యం తాగించారు. వైద్యుడు అదే మద్యంతో తన చేతులూ ఆమె పొట్టా కడిగాడు. నిలువుగా కోసి బిడ్డని తీశాడు. రక్తం కారుతున్న చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టాడు. గర్భసంచి ముడుచుకునేదాకా చేత్తో నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత సన్నటి ఇనుప మేకులు గుచ్చి, వాటికి దారం చుట్టి కోతని మూసి, పైన వేర్ల ముద్ద పట్టించాడు. పదకొండో రోజుకి గాయం మానింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ రోజుల్లో యూరప్‌లో ఈ ఆపరేషన్ అంటే ఎక్కువమంది తల్లులు చనిపోయేవాళ్ళు. చేతులు కడగడం, రక్తం ఆపడం, కోత మూయడం ఇంత వరసగా వచ్చాయంటే అది ఆ ఒక్కరోజు తోచింది కాదు. ఎంతోమంది చేతుల మీదుగా నిలిచిన పని.

ఇక పుస్తకం సంగతి. ఆఫ్రికాలో పుట్టి బోస్టన్‌లో బానిసగా బతికిన ఒనేసిమస్, మశూచి పుండులోని రసాన్ని చిన్న గాటులో పెడితే ఆ జబ్బు మళ్ళీ రాదని తన యజమాని కాటన్ మాథర్‌కి చెప్పాడు. 1721లో ఊళ్ళో మశూచి వచ్చినప్పుడు డాక్టర్ బాయిల్‌స్టన్ దాదాపు 240 మందికి అలాగే చేశాడు. వాళ్ళలో 6గురు పోయారు. మామూలుగా జబ్బు సోకినవాళ్ళలో ఏడుగురికి ఒకరు పోయారు. ఒనేసిమస్ అది ఏ పుస్తకంలోనూ చదవలేదు, తన ఒంటిమీదే చూశాడు.

చేతబడి అన్న మాటకొస్తే, దక్షిణాఫ్రికా జులూల్లో మూలికలిచ్చే ఇన్యాంగా వేరు, పూర్వీకులని పిలిచి జబ్బుకి కారణం చెప్పే సంగోమా వేరు. కొందరు రెండూ చేస్తారు. వీళ్ళకి 2007లో అక్కడ ప్రత్యేక చట్టమే వచ్చింది. వీళ్ళిచ్చే ప్రతి మందూ పనిచేస్తుందని నేననను. క్యాన్సర్ వస్తే ఆస్పత్రికే వెళ్ళాలి. కానీ పరీక్షించి కాదనడం వేరు, చూడకుండానే చేతబడి అనడం వేరు.

ఈ ప్రచారంతో ఎవరికి నష్టమో హూడియా కథలో తెలుస్తుంది. దక్షిణ ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ అనే ఆదివాసి వేటగాళ్ళు ఆకలి తెలియకుండా ఈ మొక్క కాడ నమిలేవాళ్ళు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ 1990లలో వాళ్ళనడక్కుండానే పేటెంట్ తీసుకుని, హక్కుల్ని బ్రిటిష్ కంపెనీ ఫైటోఫార్మ్‌కి ఇచ్చింది. శాన్ ప్రజలు అంతరించిపోయారనుకున్నామని 2001లో ఆ కంపెనీ అధిపతి అన్నాడు. వాళ్ళప్పటికి సుమారు లక్షమంది ఉన్నారు. వాళ్ళు కొట్లాడితే 2003లో రాయల్టీలో 6 శాతం ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ మొక్కతో చేయాలనుకున్న మందు మార్కెట్‌దాకా రాలేదు కాబట్టి చేతికొచ్చింది తక్కువే. దక్షిణాఫ్రికాలో పెరిగే రూయిబోస్ అనే మొక్క ఆకులతో చేసే టీ విషయంలో మాత్రం 2019 ఒప్పందం ప్రకారం పంట ధరలో 1.5 శాతం శాన్ ప్రజలకీ, అక్కడి మరో ఆదివాసులైన ఖోయ్ ప్రజలకీ చెందాలి.